నిమిషానికి అరవై నాలుగు

ఇస్త్రీ దుకాణం ఆవిడ టోపీ తీసుకుని స్టేషన్‌కు వచ్చిన రోజుకు ఆమె భర్త పోయి తొమ్మిది రోజులైంది.

టోపీ హెడ్ కానిస్టేబుల్‌ది. దుకాణంలో నేల మీద పడి ఉన్న మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చోబోతూ తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. తర్వాత దాని ఊసే మరిచిపోయాడు. ఆమె దాన్ని తడిగుడ్డతో తుడిచి, తువ్వాల్లో చుట్టి తెచ్చింది.

"మాస్టారంటే మీరే కదండీ?"

స్టేషన్లో అందరూ అతన్ని మాస్టారనే అంటారు. పద్దెనిమిదేళ్లు పోలీసు శిక్షణ మైదానంలో కవాతు నేర్పాడు. మోకాళ్లు అరిగాక గస్తీ కారులోకి మార్చారు.

"నేనేనమ్మా. కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. "ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాను. ఆ రోజు అందరూ గాభరా పడ్డారు. మా మరిదైతే అరుపులే అరుపులు. మీరొక్కరే తొణకలేదు. ఎంత నిదానంగా నొక్కారండీ, ఎంత ఓపిగ్గా! ఆయనకి నొప్పి తెలియకూడదని అలా నొక్కుతున్నారేమో అనుకున్నాను."

మాస్టారు టోపీ అందుకున్నాడు. ఏదో అనాలి. తల ఊపాడు. అతని చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. రెండు రోజుల నుంచీ ఉంది.

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. మాస్టారు టోపీ పెట్టుకోలేదు. తర్వాత తెల్లకాగితం అడిగి తీసుకుని అర్జీ రాశాడు. మోకాళ్ల నొప్పుల వల్ల గస్తీ పని చేయలేకపోతున్నాననీ, రికార్డు గదికి మార్చమనీ. ఇన్‌స్పెక్టర్ అది చదివి, అతని వంక చూసి, మళ్లీ కాగితం వంక చూశాడు.

"పెట్టె ఎవరికివ్వను?"

"ఎవరికైనా ఇవ్వండి సార్."

"వచ్చే సోమవారం సంతకం పెడతాను. అప్పటిదాకా ఆలోచించుకో."

*

పెట్టె అంటే గుండె ఆగిన మనిషికి షాక్ ఇచ్చే యంత్రం. ఆరు నెలల క్రితం మూడు గస్తీ కార్లలోనూ తలా ఒకటి పెట్టారు. ఆసుపత్రి వంతెనకు అవతల ఉంది. అంబులెన్స్ రావడానికి పన్నెండు నిమిషాలు, ఒక్కోసారి పదిహేను. గస్తీ కారు ఎప్పుడూ వీధిలోనే ఉంటుంది. అందుకని ఎక్కడ మనిషి కుప్పకూలినా అంబులెన్స్‌తో పాటు గస్తీ కారుకూ కబురు పెట్టాలని నిర్ణయించారు.

నేర్పడానికి ఆసుపత్రి నుంచి ఒక నర్సు వచ్చింది. రబ్బరు బొమ్మను నేల మీద పడుకోబెట్టి, రొమ్ము మధ్యలో రెండు చేతులూ ఎలా ఆనించాలో, ఎంత లోతు నొక్కాలో చూపింది. నిమిషానికి నూరుకు తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు అంది. కానిస్టేబుళ్లలో కొందరు డెబ్బై నొక్కారు, కొందరు నూట అరవై. మాస్టారు కూర్చుని నొక్కితే నర్సు చేతిలోని మీటరు నూట పందొమ్మిది చూపింది. ఇంకోసారి నొక్కమంది. మళ్లీ నూట పందొమ్మిది.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"మైదానంలోనమ్మా. అది మా వేగ నడక."

కవాతులో నడకలు రెండు. వేగ నడక నిమిషానికి నూట ఇరవై అడుగులు. కొత్తగా చేరిన వాళ్లకు మొదటి నెలంతా అదే నేర్పుతారు. రెండోది నిదాన నడక, నిమిషానికి అరవై ఐదు. విధుల్లో పోయిన వాళ్ల శవపేటికను భుజాల మీద మోసుకెళ్లేటప్పుడు నడిచే నడక అది. పద్దెనిమిదేళ్లలో మాస్టారు పదిహేడు శవయాత్రలకు ముందు నడిచాడు. మైదానంలో ఎవరైనా అడుగు వెనకబడితే అతను అనే మాట ఒకటే, "ఏం, శవాన్ని మోస్తున్నావా?" ఆ మాట పడని కానిస్టేబుల్ ఆ ఊళ్లో లేడు.

ఇస్త్రీ దుకాణానికి కబురొచ్చింది ఉదయం పదిన్నరకు. వీళ్లు చేరేసరికి మనిషి పడిపోయి పదకొండు నిమిషాలైంది. కారు నడిపే అమ్మాయి పెట్టె అందించి, అంబులెన్స్‌కు దారి చూపడానికి వీధి మలుపు దగ్గరికి పరుగెత్తింది. సందు ఇరుకు, జనం నిండిపోయారు. లోపల మాస్టారు ఒక్కడే. పడి ఉన్న మనిషి ముఖం చూశాడు. ఆ రంగు అతనికి తెలుసు. మనసులో ఒక మాట అనుకున్నాడు. తర్వాత నొక్కడం మొదలుపెట్టాడు. షాక్ అవసరం లేదు, నొక్కుతూనే ఉండండి అని యంత్రం చెప్పింది. అంబులెన్స్ వచ్చేదాకా అతను ఆపలేదు.

యంత్రం వాడిన ప్రతిసారీ దాన్ని నర్సు దగ్గరికి పంపాలి. అందులో అంతా నమోదవుతుంది. ఆమె లెక్కలు తీసి, రొమ్ముకు అంటించే అతుకులు కొత్తవి వేసి తిరిగి ఇస్తుంది. ఏడో రోజు మాస్టారే వెళ్లాడు. ఆమె కాగితం చేతిలో పెట్టింది.

"లోతు బాగుంది. ఎక్కడా ఆపలేదు. వేగం ఒక్కటే..."

అరవై నాలుగు.

"అలసిపోయారేమో" అంది నర్సు.

"అయ్యుండొచ్చమ్మా" అన్నాడు.

అలసట కాదని అతనికి తెలుసు. అలిసినవాడు మొదట వేగంగా మొదలుపెట్టి తర్వాత తగ్గుతాడు. కాగితం మీద గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంది. అరవై నాలుగు. ఆ మనిషి ముఖం చూసి పోయాడనుకున్నాడు. అనుకున్నది మనసు. మిగతాది చేతులు వాటంతటవే చేశాయి, పదిహేడుసార్లు చేసినట్టే. బతికించాల్సిన మనిషిని సాగనంపాయి.

"వేగంగా నొక్కి ఉంటే బతికేవాడా?" అని అడిగాడు.

"పదకొండు నిమిషాలు అప్పటికే పోయాయి మాస్టారూ. బతికేవాడో లేదో నేను చెప్పలేను."

చెప్పలేను. ఆ మాట వెంటబెట్టుకుని ఇంటికెళ్లాడు. బతికేవాడు కాదంటే నిద్రపోయేవాడు. బతికేవాడంటే ఏడ్చేవాడు. ఆమె రెండూ అనలేదు.

మర్నాడు చొక్కా ఉతకబోతూ భార్య జేబులు వెతికింది. కాగితం విప్పి చూసింది.

"ఈ అరవై నాలుగేంటి? షుగరా?"

"ఆఁ."

"తక్కువే ఉందిగా! మరి దానికి తిండి మానేయడమెందుకు? ఇంకో రెండు ముద్దలు తినాలి."

అతను కాగితం అందుకుని వేరే చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

*

కారు నడిపే కానిస్టేబుల్‌కు పాతికేళ్లుంటాయి. మాస్టారు మైదానంలో నేర్పిన ఆఖరి జట్టు పిల్ల. కారులో మొదటి వారం "సార్" అంది. ఒకే కారులో రోజుకు పది గంటలు కూర్చునే వాళ్ల మధ్య సార్ ఏమిటని అతనే మాన్పించాడు. అప్పటి నుంచి "బాబాయ్".

అర్జీ సంగతి ఆమెకు ఎవరో చేరవేశారు. గురువారం మధ్యాహ్నం బజారు వీధిలో కారు ఆపి, స్టీరింగ్ మీద వేళ్లతో కొడుతూ అడిగింది.

"బాబాయ్, రికార్డు గది ఎప్పుడైనా చూశారా?"

"చూడకేం."

"పాత ఫైళ్లన్నీ పై అరల్లో ఉంటాయి. రోజుకు ఇరవైసార్లు నిచ్చెన ఎక్కి దిగాలి. మోకాళ్లకి భలే మందు కనిపెట్టారు."

మాస్టారు కిటికీ లోంచి బయటకు చూశాడు.

"నా మీద కోపమా? బండి కుదుపులకి తట్టుకోలేకపోతున్నారా? చెప్పండి, గుంతల్ని అరెస్టు చేస్తా."

"నోరు ముయ్యవే."

"అమ్మయ్య. మాట్లాడారు."

అప్పుడు వైర్‌లెస్ పలికింది. గ్రంథాలయం, చదివే గదిలో మనిషి పడిపోయాడు, స్పృహ లేదు, అంబులెన్స్ బయలుదేరింది. గ్రంథాలయం మూడు వీధుల అవతల. ఆమె అప్పటికే కారు తిప్పేసింది.

చదివే గదిలో పొడుగాటి బల్లలు నాలుగు. గోడ మీద 'నిశ్శబ్దం' అని బోర్డు. చదువరులు ఏడెనిమిది మంది గోడకు ఆనుకుని నిలబడ్డారు. బోర్డులోని మాటను ఇంకా పాటిస్తున్నట్టు గుసగుసలతోనే మాట్లాడుకుంటున్నారు. రెండో బల్ల పక్కన నేల మీద ఒక ముసలాయన వెల్లకిలా పడి ఉన్నాడు. కుర్చీ ఒరిగిపోయి ఉంది. ఆయన మీద దినపత్రిక పరుచుకుని ఉంది.

"రోజూ వస్తారండీ, సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారు" అంది లైబ్రేరియన్. "తల బల్ల మీద వాలిస్తే కునుకనుకున్నాను. గురక వినపడింది. ఇక్కడ గురక పెట్టకూడదని చెబుదామని లేపాను. లేపేసరికి ఇలా జారిపోయారు. ఇంకా గురక పెడుతూనే ఉన్నారు, బతికే ఉన్నారు కదా?"

"ఎంతసేపైంది?"

"నాలుగు నిమిషాలు. కాదు, అయిదు."

ముసలాయన గొంతులోంచి ఒక్కసారి గురకలాంటి చప్పుడు వచ్చి ఆగింది. అది శ్వాస కాదని నర్సు చెప్పింది. గుండె ఆగాక కొంతసేపు గొంతు అలా చప్పుడు చేస్తుందని, దాన్ని చూసి మోసపోవద్దని రెండుసార్లు చెప్పింది. మాస్టారు పత్రిక తీసేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. అమ్మాయి అవతలి వైపు కూర్చుని పెట్టె తెరిచి, కత్తెరతో చొక్కా కత్తిరించింది.

అతను ముఖం చూశాడు. అదే రంగు.

చేతులు రొమ్ము మీద ఆనించి నొక్కాడు. ఒకటి. ఆగి, రెండు. ఆగి, మూడు. తాను ఏం చేస్తున్నాడో అతనికి తెలుస్తూనే ఉంది. వేగం పెంచాలని తెలుసు. ఎంతకు పెంచాలో తెలుసు. జేబులో కాగితం ఉంది. అయినా భుజాలు మాట వినలేదు. నాలుగు. అయిదు.

అమ్మాయి అతుకు అంటిస్తూ తలెత్తింది.

"శవాన్ని మోస్తున్నారా బాబాయ్?"

గది మొత్తానికీ వినపడేలా అంది. మైదానంలో అతను అనే గొంతుతోనే, అదే ఈసడింపుతో అంది.

"బతికున్న మనిషి! అడుగు వెయ్యండి!"

మాస్టారు నోరు తెరిచాడు. పద్దెనిమిదేళ్లు మైదానం ఆ చివరి దాకా వినిపించిన గొంతు బయటికొచ్చింది.

"ఎడమ! కుడి! ఎడమ! కుడి!"

చేతులు గొంతును అందుకున్నాయి. కిటికీ అద్దాలు అదిరాయి. చదువరుల్లో ఒకాయన కళ్లజోడు తీసేశాడు. దూరంగా జరగండి అని యంత్రం చెప్పింది. జరిగారు. షాక్ కొట్టింది, ముసలాయన ఒళ్లు ఒక్కసారి ఎగిరి పడింది. మాస్టారు మళ్లీ నొక్కాడు. రెండు నిమిషాలకు చెమట కళ్లలోకి దిగింది. "మార్చండి" అంది అమ్మాయి. ఆమె నొక్కడం మొదలుపెట్టింది, అతను పక్కన కూర్చుని లెక్క చెప్పాడు. వగర్పు వల్ల గొంతు తగ్గింది.

"ఇంకా గట్టిగా అనండి, ఆ అమ్మాయికి వినపడట్లేదు" అని కసిరింది లైబ్రేరియన్, నిశ్శబ్దం బోర్డు కింద నిలబడి. తర్వాత తానే అందుకుంది. "ఎడమ, కుడి, ఎడమ, కుడి."

రెండో షాక్ తర్వాత మళ్లీ మాస్టారు వంతు. ముప్ఫై దాకా నొక్కాడో లేదో, ముసలాయన చెయ్యి నేల మీంచి లేచి మాస్టారు మణికట్టును తోసింది. ఈగను తోలినట్టు తోసింది. కనురెప్పలు కదిలాయి. మెట్ల మీద అంబులెన్స్ వాళ్ల బూట్ల చప్పుడు వినపడింది.

*

కారులో అమ్మాయి స్టీరింగ్ పట్టుకుంది గాని బండి తీయలేదు.

"ఏమనుకోకండి బాబాయ్. నోటికొచ్చేసింది. మైదానంలో ఆ మాట నాకు రోజుకు మూడు పూటలా తినిపించారు."

"ఇస్త్రీ దుకాణంలో నువ్వు లోపల ఉంటే బాగుండేదే."

ఆమెకు అర్థం కాలేదు. అతను కాగితం తీసి ఇచ్చాడు. మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. ఆమె చదివింది. ఆమె కూడా ఒకసారి శవపేటిక మోసింది, అతని వెనకే.

"నిదాన నడక" అంది మెల్లిగా.

"ఊఁ."

"కావాలని చేయలేదుగా బాబాయ్."

"కావాలని చేయలేదు. పోయాడనుకుని చేశాను. అనుకోవడానికి నేనెవర్ని?"

ఆమె కాగితాన్ని అవే మడతల మీద మడిచి తిరిగి ఇచ్చింది.

శనివారం ఉదయం నర్సు ఫోన్ చేసింది. సర్వేయర్‌గారు మంచం మీద లేచి కూర్చున్నారు, పక్కటెముక విరిగింది, ఎవరు విరగ్గొట్టారని అడుగుతున్నారు అని చెప్పి నవ్వింది. "మొదటి అయిదు నెమ్మదిగా పడ్డాయి. ఆ తర్వాత నూట పద్దెనిమిది. గడియారమే అనుకోండి."

"సంతోషమమ్మా" అన్నాడు. సంతోషం నిజమే. ఫోన్ పెట్టేశాక దాని వెనకే ఇంకోటి వచ్చింది. అరవై నాలుగు చేతకాక పడిన అంకె అయితే సర్దిచెప్పుకోవచ్చు. నూట పద్దెనిమిది నొక్కగలడని ఇప్పుడు తేలిపోయింది. తొమ్మిదో రోజున టోపీ తుడిచి తెచ్చి ఇచ్చిన మనిషి, ఎంత ఓపిగ్గా నొక్కారని దణ్ణం పెట్టినంత పని చేసిన మనిషి, ఆ ఓపిక ఏమిటో తెలియకుండా బతికేస్తుంది. అలా బతకనివ్వడం మంచిదేనేమో. ఆ మాట తనకు తాను చాలాసార్లు చెప్పుకుని చూశాడు.

మధ్యాహ్నం ఇస్త్రీ దుకాణానికి వెళ్లాడు.

*

ఆమె చొక్కా ఇస్త్రీ చేస్తోంది. మరిది మూటలు ఇచ్చి రావడానికి సైకిల్ మీద వెళ్లాడు. మాస్టారు గుమ్మంలో టోపీ తీశాడు.

"బల్ల మీద పెట్టకండి, మళ్లీ మరిచిపోతారు" అంది.

అతను టోపీ చేతిలోనే ఉంచుకుని అంతా చెప్పాడు. కవాతు నడకల గురించి, కాగితం గురించి, గ్రంథాలయం గురించి. తిప్పి తిప్పి చెప్పలేదు. పంచనామా చదివినట్టు చెప్పాడు, అతనికి వచ్చిన పద్ధతి అదే. ఆమె ఇస్త్రీ ఆపలేదు. కాలరు, చేతులు, వీపు, ముందు భాగం. చొక్కా మడిచి పక్కన పెట్టి, అప్పుడు స్విచ్ తీసేసింది.

"అయితే వేగంగా నొక్కి ఉంటే బతికేవాడా?"

"తెలియదమ్మా. నర్సు కూడా చెప్పలేనంది."

"బతకడని నాతో అనేయొచ్చుగా. నాకెలా తెలుస్తుంది?"

"అనొచ్చు."

ఆమె ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికేమీ లేదు. ముఖం గట్టిపడింది.

"మీరు రాకముందు పదకొండు నిమిషాలు" అంది. "ముఖం మీద నీళ్లు చల్లాను. అరికాళ్లు రుద్దాను. బొత్తాలు విప్పాను. పేరు పెట్టి పిలిచాను, పెళ్లయ్యాక ఎప్పుడూ పిలవనిది. గుండె మీద నొక్కాలని నాకెవరూ చెప్పలేదు. ఈ చేతులతో రోజుకు నూరు చొక్కాలు నొక్కుతాను. అక్కడ మాత్రం నొక్కలేదు."

"మీకు తెలియదమ్మా. ఎవరికీ తెలియదు."

"మీకు తెలుసు."

వీధిలో ఎవరో హారన్ కొట్టుకుంటూ పోయారు.

"పెట్టె తిరిగి ఇచ్చేస్తున్నాను" అన్నాడు చివరికి. "అర్జీ పెట్టాను."

"ఎవరికి ఇస్తారు?"

"ఇంకొకరికి."

"అంటే మా ఇంట్లో తప్పు చేశారు. ఆ గ్రంథాలయం ఆయన దగ్గర దిద్దుకున్నారు. ఇప్పుడు పెట్టె ఇంకొకరి చేతిలో పెడితే వాళ్లు ఎవరింట్లో మొదలుపెట్టాలి?"

ఆమె గొంతు పెంచలేదు. మాస్టారు తల దించుకున్నాడు. మైదానంలో అతని ముందు అలా తలదించుకుని నిలబడిన వాళ్లు ఎందరో ఉన్నారు.

ఆమె మూలనున్న బట్టల మూటను కాలితో నేల మధ్యకు జరిపింది. దుప్పటిలో కట్టిన మూట, మనిషి రొమ్ము ఎత్తు ఉంది.

"చూపించండి."

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లు టక్కుమన్నాయి.

"ముందు ఆయనకి చేసింది చూపించండి."

మాస్టారు ఆమె వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతను చేతులు మూట మీద ఆనించి నొక్కాడు. ఒకటి. ఆగి, రెండు. ఆగి, మూడు. ఆమె నిలబడి చూసింది. పది దాకా చూసింది.

"ఆఁ. ఇలాగే" అంది. "ఇప్పుడు రెండోది."

నిమిషానికి నూట ఇరవై లెక్కన నొక్కాడు. మూటలోని బట్టలు కిర్రుమన్నాయి. ఆమె పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకుంటోంది.

"జరగండి."

ఎదురుగా కూర్చుంది. చేతుల మీద చేతులు ఎలా పెట్టాలో చూపించాడు. మోచేతులు వంచకూడదన్నాడు. ఆమె నవ్వలేదు గాని, "మోచేతుల సంగతి ఇస్త్రీ చేసేదానికి చెప్పకండి" అంది. నొక్కడం మొదలుపెట్టింది. లోతు మొదటిసారే సరిపోయింది. వేగం ఎక్కువైంది, తర్వాత తగ్గింది.

"ఎడమ, కుడి, ఎడమ, కుడి" అన్నాడు మాస్టారు, మెల్లిగా. ఆమె ఆ లెక్కలో పడింది.

గుమ్మంలో సైకిల్ ఆగింది. మరిది ఖాళీ దుప్పటి భుజాన వేసుకుని నిలబడిపోయాడు. పోలీసు నేల మీద, వదిన నేల మీద, మధ్యలో మూట.

"వదినా! ఏం చేస్తున్నావు?"

"అరవకు. వచ్చి కూర్చో. నా తర్వాత నువ్వే."

అతను కూర్చున్నాడు. మాస్టారు ఊపిరి పీల్చుకుని, "సోమవారం ఆ అర్జీ అడిగి తిరిగి తీసేసుకుంటానమ్మా" అన్నాడు.

ఆమె మూట మీంచి తలెత్తలేదు.

"లెక్క ఆపకండి" అంది.